సరిహద్దున ముదిరిన రంగు: టెక్సస్ ఫ్లాక్స్ పూల చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెక్సస్‌లో, ఇసుక నేలలు విస్తరించిన తూర్పు, మధ్య ప్రాంతాలలో, ఏటా మార్చి మొదలుకొని ఎండలు ముదిరే వరకు ఫ్లాక్స్ ప్రజాతికి చెందిన రెండు అడవిపూల మొక్కలు బాటల పక్కనా, పచ్చిక బయళ్లలోనూ విరివిగా పూస్తాయి. వాటిలో ఒకటి ఫ్లాక్స్ డ్రమ్మండీ, రెండవది ఫ్లాక్స్ కస్పిడేటా. రెండూ ఏడాది లోపలే మొలిచి, పూసి, విత్తనాలు రాల్చి ఎండిపోయే ఏకవార్షిక మొక్కలే; రెండింటికీ సన్నని గొట్టం వంటి పూల అడుగున తేనె, ఆ గొట్టం పైన విచ్చుకున్న ఐదు రేకులు ఉంటాయి. కస్పిడేటా తూర్పు ప్రాంతాలలోను, డ్రమ్మండీ అంతకంటే పడమరగా, దక్షిణంగా ఉన్న ప్రాంతాలలోను వ్యాపించి ఉండగా, నడుమ కొంత మేర రెండూ కలిసి పెరుగుతాయి. డ్రమ్మండీ ఒంటరిగా పెరిగే చోట దాని పూలు లేత నీలంగా, ఊదా ఛాయతో ఉంటాయి. కస్పిడేటా పూల రంగు కూడా దాదాపు అదే. అయితే ఈ రెండు జాతులూ ఇరుగుపొరుగుగా పెరిగే మేరలో కస్పిడేటా రంగు మారకుండా ఉండిపోగా, డ్రమ్మండీ పూలు ముదురు ఎరుపుకు తిరుగుతాయి.

రెండు దగ్గరి జాతులు ఒకచోట చేరితే ఒకదానిలో ఒకటి కలగలిసి పోలికలు పెరుగుతాయని సామాన్యంగా అనుకోవడం కద్దు. ఇక్కడ జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం: దూరాన ఉన్నప్పుడు ఒకే రంగులో ఉన్న పూలు దగ్గరైన చోట వేరు రంగులు దాల్చాయి. ఈ విపర్యాసానికి కారణం తేలడానికి 175 ఏళ్లకు పైగా పట్టింది. దేశాలు తిరిగి మొక్కలు సేకరించిన వారి వృత్తి, తోటల్లో రంగులను ఏరి పెంచిన వారి వృత్తి, ప్రయోగశాలల్లో జన్యువులను వెదికిన వారి వృత్తి అనే మూడు పనులు ఒకదాని వెనుక ఒకటిగా ఆ సమాధానానికి తోడ్పడ్డాయి. ఆ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా టెక్సస్ పూల రంగు వెనుక ఉన్న కథ తెలిసి ఉండేది కాదు.

సేకర్తల కాలం

పందొమ్మిదో శతాబ్దపు పూర్వార్ధంలో ఐరోపా వృక్షశాస్త్రానికి కావలసిన ముడిసరుకును సమకూర్చినవారు మొక్కల సేకర్తలు. ఎండబెట్టి కాగితాలకు అంటించిన మొక్కల నమూనాలను సంపుటాలుగా కట్టి, ముందుగా చందా చెల్లించిన విద్వాంసులకు, ధనవంతులకు పంపడం ద్వారా ఈ సేకర్తల ప్రయాణపు ఖర్చు కొంతవరకు గడిచేది. విత్తనాలు తోటలకు చేరేవి. స్కాట్లండ్‌కు చెందిన థామస్ డ్రమ్మండ్ ఈ వృత్తిలో పేరెన్నికగన్నవాడు. ఫార్ఫర్ పట్టణంలో మొక్కల నర్సరీ నడిపిన ఈయన, 1825-27లో జాన్ ఫ్రాంక్లిన్ ఉత్తర అమెరికాలో సాగించిన రెండవ భూమార్గ యాత్రలో సహాయ ప్రకృతి పరిశోధకుడిగా చేరి, రాకీ పర్వతాల శీతలంలో నెలల తరబడి ఒంటరిగా మొక్కలనూ పక్షులనూ సేకరించాడు. తరువాత కొంతకాలం బెల్‌ఫాస్ట్ వృక్షోద్యానం బాధ్యత చూసి, గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యుడైన విలియం జాక్సన్ హుకర్ ప్రోత్సాహంతో 1831లో మళ్లీ అమెరికా ప్రయాణమయ్యాడు.

డ్రమ్మండ్ 1833లో టెక్సస్ తీరంలోని వెలాస్కో రేవులో దిగేనాటికి ఆ ప్రాంతం ఇంకా మెక్సికో దేశంలో భాగంగానే ఉంది. ఆ ఏడాదే అక్కడ కలరా వ్యాపించింది. బ్రజోస్ నది వరదలెత్తి ఊళ్లను ముంచింది. తానూ కలరా బారినపడి కోలుకున్న ఆ సేకర్త, బ్రజోస్, కొలరాడో, గ్వాడలూప్ నదుల వెంబడి దాదాపు 21 నెలలు తిరిగి, సుమారు 750 జాతుల మొక్కలనూ, 150 దాకా పక్షి నమూనాలనూ పోగుచేశాడు. ఈ కొలరాడో టెక్సస్‌లోనే పుట్టి టెక్సస్ తీరంలోనే కడలిని చేరే నది. అదే పేరుగల పడమటి మహానదితో దానికి సంబంధం లేదు. కుటుంబాన్ని తీసుకువచ్చి టెక్సస్‌లోనే స్థిరపడి, ఆ నేల వృక్షసంపదను సమగ్రంగా వర్ణించాలని డ్రమ్మండ్ తలపోశాడు గాని ఆ కోరిక తీరలేదు. 1835లో క్యూబా రాజధాని హవానాలో మరణించాడు. అదే సంవత్సరం, ఆయన పంపిన విత్తనాల నుంచి బ్రిటన్‌లో పూసిన ఒక ఫ్లాక్స్ మొక్కను హుకర్ 'కర్టిసెస్ బొటానికల్ మ్యాగజైన్'లో రంగుల చిత్రంతో సహా వర్ణించి, దానిని కనుగొన్న దురదృష్టవంతుడి స్మృతి తోటల్లో నిలిచి ఉండాలన్న ఉద్దేశంతో దానికి ఫ్లాక్స్ డ్రమ్మండీ అని పేరు పెట్టాడు.

దీని పొరుగు జాతికి శాస్త్రీయ నామం దొరకడానికి మరో 15 ఏళ్లు పట్టింది. టెక్సస్ నుంచి జర్మనీకి చేరిన నమూనాలను పరిశీలించిన అడాల్ఫ్ షీలె 1850లో దానిని ఫ్లాక్స్ కస్పిడేటాగా వర్ణించాడు. ఇలా ఈ రెండు జాతులూ పక్కపక్కన పెరిగే నేలకు వేల మైళ్ల దూరంలో, వేరు వేరు దేశాల్లో, వేరు వేరు కాగితాల మీద శాస్త్రలోకంలోకి ప్రవేశించాయి. ఏ మొక్క ఏ మొక్క పక్కన పెరిగిందన్నది ఆనాటి వర్ణనలకు ముఖ్యమైన విషయం కాదు. మొక్క ఆకారం, రేకుల కొలత, కాయ నిర్మాణం తెలిస్తే జాతిని గుర్తించడానికి చాలునని భావించేవారు. రెండు జాతులు కలిసే చోట ఏదో విశేషం ఉందన్న సంగతి ఆ పద్ధతిలో బయటపడే అవకాశమే లేదు.

తోటల కాలం

కస్పిడేటాకు తోటల్లో ఆదరణ దొరకలేదు గాని డ్రమ్మండీ మాత్రం కొద్ది దశాబ్దాల్లోనే ఐరోపా, అమెరికా విత్తన వ్యాపారుల జాబితాలకు ఎక్కింది. తక్కువ ఎత్తులో గుబురుగా పెరగడం, విత్తిన కొద్ది నెలలకే పూయడం, ఒకే మడిలో తెలుపు, గులాబి, ఎరుపు, ఊదా రంగులు కలిసి కనిపించడం దానికి గిరాకీ తెచ్చాయి. తోటమాలులు రంగురంగుల మొక్కలను వేరుచేసి పెంచుతూ, రేకుల అంచులు చీలి నక్షత్రాల్లా కనిపించే రకాలను కూడా నిలబెట్టారు. శీతాకాలంలో పూల మళ్లలో వేసే ఏకవార్షిక మొక్కలలో ఒకటిగా ఇది భారతదేశానికి కూడా వచ్చింది. అక్టోబరులో నారు పోసి, సంక్రాంతి నాటికి పూలు కళ్లజూసే మొక్కలలో బంతి, పెటూనియాలతో పాటు ఫ్లాక్స్ కూడా తెలుగువారి తోటలకు కొత్తది కాదు.

తోటమాలుల ఈ పని శాస్త్రానికి అనుకోని మేలు చేసింది. మెండెల్ సూత్రాలు 1900లో తిరిగి వెలుగులోకి వచ్చాక, ఏ లక్షణం తరతరాలకు ఎలా సంక్రమిస్తుందో తేల్చడానికి రంగులు స్పష్టంగా వేరుపడిన ఏకవార్షిక మొక్కలు కావలసి వచ్చాయి. జేమ్స్ పి. కెల్లీ 1920లో ఫ్లాక్స్ డ్రమ్మండీ పూల ఆకారం, రంగుల అనువంశికత మీద అధ్యయనం ప్రచురించాడు. అడవిలో ఎరుపు పూలు ఎక్కడ పూస్తాయి, నీలం పూలు ఎక్కడ పూస్తాయి అన్న ప్రశ్న ఇంకా పుట్టకముందే, ఆ రంగులు విడివిడి జన్యువుల లెక్క ప్రకారం నడుస్తాయన్న అవగాహన ఇలా తోటల నుంచే ఏర్పడింది.

వాదం పుట్టిన తీరు

పూల కథ ఇలా సాగుతుండగా, దాన్ని వివరించవలసిన సిద్ధాంతం వేరే దారిలో రూపుదిద్దుకుంది. రెండు జాతులు సంకరమైనప్పుడు పుట్టే సంతానం తరచుగా వంధ్యంగా, అంటే తిరిగి సంతానాన్ని కనలేనిదిగా ఉంటుంది. ఈ వంధ్యత్వం ఎలా ఏర్పడింది అన్న ప్రశ్న మీద 1868 తొలి నెలల్లో చార్లెస్ డార్విన్‌కూ, ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌కూ మధ్య లేఖల్లో గట్టి వాదన నడిచింది. జాతులు వేరువేరుగా మారుతున్న క్రమంలో ఇతర మార్పుల వెంట కాకతాళీయంగా వంధ్యత్వం వచ్చి చేరుతుందని డార్విన్ నిశ్చయించుకున్నాడు. సంతానం లేని మొక్కకు ఆ లోపం వల్ల ఒరిగే లాభమేమీ ఉండదు కనుక ప్రకృతి వరణం, అంటే మనుగడకు అనువైన లక్షణాలు గలవాటి సంతతి తరతరాలకు పెరగడం, దానిని కలిగించలేదన్నది ఆయన తర్కం. వాలెస్ ఇందుకు సమ్మతించలేదు. ఒకే ప్రాంతంలో రెండు రూపాలు నివసిస్తూ, వాటి సంకర సంతానం బలహీనమైనదైతే, సంకరానికి తక్కువగా లోనయ్యేవే ఎక్కువ సంతతిని మిగులుస్తాయి కనుక, వాటి మధ్య అడ్డుగోడ క్రమంగా ఎత్తవుతుందని ఆయన వాదించి, ఈ అభిప్రాయాన్ని 1889లో వెలువడిన 'డార్వినిజం' గ్రంథంలో విస్తరించాడు.

ఈ వాదంలో చిక్కుపడి ఉన్న రెండు విషయాలను విడదీసినవాడు, సోవియట్ దేశం నుంచి అమెరికాకు వలస వచ్చిన జన్యుశాస్త్రజ్ఞుడు థియొడోసియస్ డోబ్‌జాన్‌స్కీ. జతకూడక ముందే, మొక్కల్లోనైతే పరజాతి పుప్పొడి కీలాగ్రానికి చేరక ముందే అడ్డుపడే లక్షణాలు ఒక రకం. జతకూడిన తరువాత సంతానం చావడమో, వంధ్యం కావడమో రెండో రకం. రెండో రకం అడ్డంకి యాదృచ్ఛికంగా ఏర్పడినా, దానివల్ల వృథా అయ్యే విత్తనాల నష్టం మొదటి రకం అడ్డంకులను పెంచే ఒత్తిడిగా పనిచేస్తుందని ఆయన 1937లో వెలువడిన గ్రంథంలోను, 1940లో ప్రచురించిన వ్యాసంలోను ప్రతిపాదించాడు. డార్విన్, వాలెస్‌ల అభిప్రాయాలు రెండూ తమ తమ మేర సత్యమేనని ఈ విభజనతో తేటపడింది: వంధ్యత్వం కాకతాళీయం కావచ్చు, దాని నుంచి తప్పించుకునే లక్షణాలను మాత్రం ప్రకృతి వరణం తీర్చిదిద్దుతుంది.

ఈ ప్రక్రియకు ఇంగ్లీషులో నేడు వాడుకలో ఉన్న పేరు, తెలుగులో దృఢీకరణ అనదగినది, 1955లో టెక్సస్‌లోనే స్థిరపడింది. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జంతుశాస్త్రజ్ఞుడు డబ్ల్యు. ఫ్రాంక్ బ్లెయిర్, సన్నని మూతి గల రెండు కప్ప జాతుల మగవాటి అరుపులను పోల్చి, వాటి వ్యాప్తి ప్రాంతాలు కలిసే చోట ఆ అరుపుల మధ్య తేడా ఎక్కువగా ఉండడాన్ని గుర్తించి, ఆడకప్పలు పొరపాటున పరజాతి మగకప్ప దగ్గరకు చేరకుండా ఈ తేడా పెరిగిందని వివరించాడు. మరుసటి ఏడు విలియం బ్రౌన్, ఎడ్వర్డ్ విల్సన్ ప్రచురించిన వ్యాసం, దగ్గరి జాతులు కలిసి బతికే చోట వాటి లక్షణాలు దూరం జరిగే దృష్టాంతాలను వివిధ ప్రాణుల నుంచి సేకరించి చూపింది. పూలమొక్కల విషయంలో ఈ అన్వేషణను ముందుకు తీసుకువెళ్లినవాడు వెర్న్ గ్రాంట్. ఫ్లాక్స్ కుటుంబానికే చెందిన గిలియా ప్రజాతిని పరిశోధించిన ఆయన, కలిసి పెరిగే జాతుల మధ్య సంకరం అతి కష్టంగానూ, దూరదూరంగా పెరిగే జాతుల మధ్య సులువుగానూ జరగడాన్ని 1966లో ప్రకటించి, దీనిని వాలెస్ ప్రభావం అని వ్యవహరించాడు. దాదాపు శతాబ్దం కిందటి లేఖల్లో మరుగునపడిన వాదానికి ఇలా ఒక పేరూ, పూల నుంచి ఒక ఆధారమూ సమకూరాయి.

ఫ్లాక్స్ సాక్ష్యం

ఫ్లాక్స్ మొక్కలను ఈ దృష్టితో ఏళ్ల తరబడి పరిశీలించినవాడు డొనాల్డ్ లెవిన్. మొదట అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలో, సాధారణంగా గులాబి రంగులో పూసే ఫ్లాక్స్ పైలోసా అనే జాతి, ఫ్లాక్స్ గ్లాబెరిమాతో కలిసి పెరిగే కొన్ని చోట్ల తెల్లగా పూయడం ఆయన దృష్టిలో పడింది. హెరాల్డ్ కెర్‌స్టర్‌తో కలిసి 1967లో ప్రచురించిన పరిశోధనలో, పూల కీలాగ్రాల మీద చేరిన పుప్పొడిని పరిశీలించి, గులాబి పూల కంటే తెల్లపూల మీద పరజాతి పుప్పొడి తక్కువగా పడుతుందని వారు చూపారు. పువ్వు రంగు సంకరాన్ని అడ్డుకుంటుందన్న ఊహకు కీలాగ్రం మీది పుప్పొడి రేణువులే లెక్కించదగిన రుజువులయ్యాయి.

టెక్సస్ జంట మీద కూడా అప్పటికే పని మొదలైంది. ఎర్బ్, టర్నర్ 1962లో డ్రమ్మండీ-కస్పిడేటా సముదాయం మీద వర్గీకరణ అధ్యయనం ప్రచురించగా, ఈ ఏకవార్షిక జాతుల మధ్య అడవిలో జరిగే సంకరాన్ని లెవిన్ 1967లో వర్ణించాడు. అనంతరం టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆయన, 1985లో ప్రచురించిన వ్యాసంలో, కస్పిడేటా నడుమ పెరిగిన డ్రమ్మండీ మొక్కల్లో ఎర్రపూలవి, లేతరంగు పూలవాటి కంటే చాలా తక్కువ నిష్పత్తిలో సంకర విత్తనాలను ఇచ్చాయని చూపాడు. ఈ రెండు జాతుల సంకరాల ద్వారా వంశం సాగే అవకాశం బహు తక్కువ కనుక, ప్రతి సంకర విత్తనం తల్లి మొక్కకు నష్టమే. కస్పిడేటా తన పుప్పొడితోనే తాను ఫలదీకరణ చెందగలదు. డ్రమ్మండీకి ఆ సౌలభ్యం లేదు, దానికి మరో మొక్క పుప్పొడి తప్పనిసరి. పుప్పొడి కోసం సీతాకోకచిలుకల రాకపోకల మీదనే ఆధారపడిన జాతిలోనే రంగు మారిందన్నది గమనింపదగిన విషయం.

అయితే సరిగ్గా ఆ కాలంలోనే దృఢీకరణ సిద్ధాంతం మీద శాస్త్రజ్ఞులలో అపనమ్మకం ప్రబలింది. జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ 1981లో గణితపరంగా ఒక ప్రధాన అభ్యంతరాన్ని లేవనెత్తాడు: సంకరాన్ని నివారించే జన్యువులూ, సంకరాలను బలహీనపరిచే జన్యువులూ ప్రతి తరంలో విడివడి కొత్తగా కలుస్తుంటాయి కనుక, అవి రెండూ కలిసికట్టుగా నిలవడం కష్టం. కలిసే మేరకు వెలుపల నుంచి అదేపనిగా వచ్చిపడే జన్యువులు అక్కడ ఏర్పడిన ప్రత్యేకతను తుడిచివేస్తాయని, ఈ ప్రక్రియ పూర్తయ్యేలోపే తక్కువ సంఖ్యలో ఉన్న జాతి అంతరించవచ్చని మరికొందరు వాదించారు. కలిసే చోట తేడా కనిపించినంత మాత్రాన అది సంకర నివారణ కోసమే ఏర్పడిందనడానికి వీల్లేదని, నేల గుణమో వానల తేడానో కూడా కారణం కావచ్చని విమర్శకులు హెచ్చరించారు. జెర్రీ కోయిన్, అలెన్ ఓర్ 1989లో డ్రోసోఫిలా ఈగల జాతులను పోల్చి, కలిసి నివసించే జాతుల మధ్య జతకూడే ముందరి అడ్డంకులు త్వరగా ఏర్పడుతున్నాయని చూపిన తరువాతనే ఈ సిద్ధాంతానికి మళ్లీ మన్నన దక్కింది. ఆ విమర్శ వృథా కాలేదు. దృఢీకరణ జరిగిందని చెప్పదలచినవారు సంకర నష్టాన్నీ, దాని నివారణనూ, దానికి కారణమైన జన్యువునూ ఒకే ప్రాణిలో చూపాలన్న నియమం అందువల్లనే స్థిరపడింది.

జన్యువులూ, సీతాకోకచిలుకలూ

ఆ నియమాన్ని పూల విషయంలో నెరవేర్చినవారు డ్యూక్ విశ్వవిద్యాలయంలో పరిశోధించిన రాబిన్ హాప్‌కిన్స్, మార్క్ రౌషర్. లేత నీలం పూల మొక్కను ముదురు ఎరుపు పూల మొక్కతో సంకరం చేయగా మొదటి తరం అంతా ముదురు నీలంగా వచ్చింది. ఆ తరం మొక్కలను తమలో తాము కలిపినప్పుడు ముదురు నీలం, ముదురు ఎరుపు, లేత నీలం, లేత ఎరుపు అనే నాలుగు రూపాలూ విడివడ్డాయి. ఎరుపా, నీలమా అనేదాన్ని ఒక జన్యువు, ముదురా, లేతా అనేదాన్ని మరొక జన్యువు నిర్ణయిస్తున్నాయన్నమాట. ఈ రెండు జన్యువులనూ గుర్తించిన పరిశోధన 2011లో 'నేచర్' పత్రికలో వెలువడింది. పూల ఎరుపు, ఊదా, నీలం రంగులకు మూలమైన ఆంథోసయనిన్ వర్ణకాల తయారీలో నీలపు శాఖవైపు దారి మళ్లించే ఎంజైము ఒకటి ఉంది. ఎర్రపూలలో ఆ ఎంజైముకు సంబంధించిన జన్యువు పని మందగించి, నీలి వర్ణకాలు లోపిస్తాయి. రెండవది ఈ తయారీ మొత్తాన్ని అదుపు చేసే మిబ్ తరగతి నియంత్రక జన్యువు. ముదురు పూలలో అది చురుకుగా పనిచేసి వర్ణకాన్ని అధికంగా పోగుచేస్తుంది. రెండు సందర్భాల్లోనూ మార్పు ప్రోటీను నిర్మాణంలో కాక, జన్యువు ఎంత మేరకు పనిచేయాలో నిర్ణయించే భాగంలో జరిగింది.

ఈ రెండింటిలో సంకరాన్ని తగ్గించేది ఏది అన్న ప్రశ్నకు సమాధానం 2012లో 'సైన్స్' పత్రికలో ప్రచురితమైంది. నాలుగు రంగుల డ్రమ్మండీ మొక్కలను కస్పిడేటాతో కలిపి పొలంలో నాటి, సీతాకోకచిలుకలు ఏ పువ్వు నుంచి ఏ పువ్వుకు వెళుతున్నాయో గమనించి, ఆ తరువాత రాలిన విత్తనాల్లో సంకరాలెన్నో జన్యు పరీక్షతో తేల్చారు. అక్కడి పూలను ముఖ్యంగా సందర్శించేది బాటస్ ఫిలెనార్ అనే నల్లని, నీలిమెరుపు రెక్కల సీతాకోకచిలుక. దాని గొంగళిపురుగులు మన అడవుల్లోని ఈశ్వరి తీగకు బంధువులైన అరిస్టొలోకియా తీగల ఆకులు తిని పెరుగుతాయి. తేనె తాగే వేళ ఈ సీతాకోకచిలుకలు ముదురు పూల నుంచి లేత పూలకు మారడానికి అంతగా మొగ్గుచూపవు. లేత రంగు కస్పిడేటా మీద వాలినది మరో లేత పువ్వు వైపే మళ్లుతుంది. ముదురు డ్రమ్మండీ మీద వాలినది ముదురు పూలనే వెదుక్కుంటుంది. కనుక ముదురు పూల మొక్కలకు పరజాతి పుప్పొడి తక్కువగా చేరి, వాటి సంకర విత్తనాల సంఖ్య గణనీయంగా తగ్గింది. ఎరుపు, నీలాల తేడా కంటే ముదురుదనమే ఈ విషయంలో నిర్ణాయకమని ఆ ప్రయోగం తేల్చింది.

విమర్శకులు లేవనెత్తిన మరో సందేహానికి కూడా టెక్సస్ పూల నుంచి జవాబు దొరికింది. రంగుతో సంబంధం లేని ఇతర జన్యు గుర్తులను పరిశీలించగా, నీలి డ్రమ్మండీ, ఎర్ర డ్రమ్మండీ మొక్కల మధ్య పుప్పొడి రాకపోకలు ధారాళంగా సాగుతున్నాయని హాప్‌కిన్స్, లెవిన్, రౌషర్ కలిసి చూపారు. మిగతా జన్యుసంపద అంతా కలిసిపోతున్నా, రంగు మాత్రం ఇరువైపులా వేరుగా నిలిచి ఉన్నదంటే దానిని నిలబెడుతున్నది బలమైన ప్రకృతి వరణమేనని స్పష్టమవుతుంది. మరోవైపు, 2017లో వెలువడిన జన్యుపరిశోధన ఈ రెండు జాతుల మధ్య కూడా కొంత జన్యు ప్రవాహం జరిగినట్లు వెల్లడించింది. రంగు కట్టిన గోడ సంపూర్ణమైనది కాదు. సంకరం పూర్తిగా ఆగకపోయినా జాతులు వేరుగా నిలవగలవని, వేరుగా నిలవడానికి పనికివచ్చే లక్షణం సంకర నష్టం ఉన్న చోటనే బలపడుతుందని ఈ ఉదాహరణ తెలియజేస్తుంది.

నేల మారిన విత్తనం

ఇంత ఆధారాన్ని తన రేకుల్లో దాచుకున్న ఈ మొక్క నేడు దాని స్వస్థలానికే పరిమితమై లేదు. తోటల నుంచి తప్పించుకుని అది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో, ముఖ్యంగా ఫ్లోరిడా బాటల పక్కన, అడవిమొక్కగా స్థిరపడింది. టెక్సస్ రహదారుల శాఖ 1930ల నుంచి బాటల వెంట అడవిపూలను కాపాడడం, విత్తడం ఒక ఆచారంగా పాటిస్తూ వచ్చింది. దేశాధ్యక్షుడి సతీమణి లేడీ బర్డ్ జాన్సన్ చొరవతో 1965లో వచ్చిన రహదారుల సుందరీకరణ చట్టం, 1982లో ఆస్టిన్‌లో ఆమె ప్రారంభించిన అడవిపూల పరిశోధన కేంద్రం ఆ ఆచారానికి మరింత ఊతమిచ్చాయి. వసంతంలో ఆ పూల నడుమ పిల్లలను కూర్చోబెట్టి ఫొటోలు తీయించుకునే టెక్సస్‌వాసుల్లో డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల తెలుగు కుటుంబాలు కూడా నేడు తక్కువేమీ కాదు. ఈ సంప్రదాయం మెచ్చదగినదే గాని, విత్తనం ఎక్కడి నుంచి తెచ్చారన్నది పట్టించుకోకుండా చల్లితే, రంగు ఏ మేరలో మారుతుందో చూపే సహజమైన ఆధారం చెరిగిపోయే ప్రమాదం ఉంది. కస్పిడేటా లేని చోట తోట విత్తనం నుంచి మొలిచిన ముదురు ఎరుపు మొక్క కంటికి ఇంపుగానే ఉంటుంది. ప్రకృతి వరణం గురించి మాత్రం అది చెప్పగలిగిందేమీ ఉండదు.

ఈ చరిత్ర తెలుగు నేలకు నేర్పే పాఠం ఒకటుంది. డ్రమ్మండ్ టెక్సస్‌లో అడుగుపెట్టడానికి అర్ధశతాబ్దం ముందే, ఆయన స్వదేశీయుడైన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో మకాం వేసి, ఉత్తర సర్కారుల మొక్కలను సేకరించి, స్థానిక చిత్రకారుల చేత వాటి చిత్రాలు గీయించాడు. వాటి ఆధారంగా వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాలు వృక్షశాస్త్రంలో నేటికీ ప్రామాణికాలు. ఆ సేకరణ సంప్రదాయం విశ్వవిద్యాలయాల హెర్బేరియాలలో, హైదరాబాదులోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రంలో కొనసాగుతున్నది. తూర్పు కనుమల్లో, నల్లమలలో, గోదావరి లోయలో ఒకే ప్రజాతికి చెందిన మొక్కలు పక్కపక్కన పూసే చోట్లు అనేకం. అయితే కాగితానికి అంటించి ఎండబెట్టిన మొక్కలో ఆకు, కాయ, వేరు నిలుస్తాయి గాని పువ్వు రంగు చాలావరకు వెలిసిపోతుంది. దాని పక్కన ఏ జాతి పెరిగిందో ఆ నమూనా ఏనాటికీ చెప్పలేదు. ఫ్లాక్స్ విషయంలో జవాబు దొరికింది సరిగ్గా ఈ రెండు వివరాల నుంచే. కనుక మొక్కలు సేకరించే విద్యార్థులు, అధ్యాపకులు, అటవీ సిబ్బంది నమూనా చీటీ మీద ఊరు, తేదీలతో పాటు పువ్వు రంగునూ, దాని పొరుగున పూసిన దగ్గరి జాతుల పేర్లనూ పూసిన చోటనే రాసి ఉంచాలి. రేపటి పరిశోధకుడికి ఆ రెండు పంక్తులకు మించిన ఆస్తి లేదు.